శాతం లెక్క, రోజుల లెక్క

కరోనా తర్వాత ఉద్యోగులను ఆఫీసుకు రప్పించడానికి టీసీఎస్ ఒక దారి పట్టింది, ఇన్ఫోసిస్ ఇంకో దారి. రెండింటికీ హైదరాబాదులో పెద్ద క్యాంపస్‌లున్నాయి. రెండింటిలోనూ మన ఊళ్ల పిల్లలు కోకొల్లలు.

2020 ఏప్రిల్‌లో టీసీఎస్ పెద్ద మాటే చెప్పింది: 2025 నాటికి ఏ సమయంలోనైనా పాతిక శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని. 2023 అక్టోబరుకల్లా వారానికి ఐదు రోజులూ రమ్మంది. 2024లో హాజరును వేరియబుల్ పేకి, అంటే జీతంలో మారుతూ ఉండే భాగానికి, ముడిపెట్టింది. 85 శాతం దాటితే మొత్తం వస్తుంది, 75 దాటితే ముప్పాతిక, 60 దాటితే సగం. 60కి తగ్గితే ఏమీ రాదు. ఇన్ఫోసిస్ 2025 మార్చి 10 నుంచి మధ్య, కింది స్థాయులవారిని నెలకు కనీసం 10 రోజులు రమ్మంది.

పైకి ఇది రోజుల తేడాలా కనిపిస్తుంది. నిజానికి ఇది ఇంటద్దె తేడా. నెల లెక్కయితే, మేనేజరు ఒప్పుకుంటే, పది రోజులూ ఒక్కసారే పూర్తిచేసి ఊరెళ్లిపోవచ్చు. 85 శాతమంటే హైదరాబాదులో కాపురం పెట్టాల్సిందే. మా బాబాయి కొడుకు తెనాలిలో డాబా మీది గదిలో కూర్చుని మూడేళ్లు పనిచేశాడు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని వాళ్లమ్మకు మందులూ అన్నమూ వాడే చూసుకునేవాడు. వాడి కంపెనీ కూడా రమ్మంది. ఇప్పుడు మాదాపూర్ హాస్టల్లో ముగ్గురితో కలిసి ఒకే గది. మొన్న ఫోన్లో అడిగితే, "అక్కా, మా టీమంతా పుణెలో ఉంది. ఇక్కడా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాల్స్‌లోనే ఉంటున్నా" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

అందరూ ఆఫీసుకు రావాలన్న టీసీఎస్ వాదనలో బలం లేకపోలేదు. కొత్తగా చేరిన పిల్లలకు పక్క కుర్చీలో సీనియర్ ఉండాలి. కోడ్ ఎక్కడ తప్పిందో స్క్రీన్ మీద వేలుపెట్టి చూపిస్తే రెండు నిమిషాల్లో తెలిసేది, చాట్‌లో అడగడానికి మొహమాటపడి రెండు రోజులు నానుతుంది. కానీ పదేళ్ల అనుభవం ఉన్నవాడికీ అదే కొలత ఎందుకు? చైనాకు చెందిన ట్రిప్ డాట్ కామ్‌లో 1,612 మందిపై చేసిన అధ్యయనం 2024లో 'నేచర్'లో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవారిలో ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. ప్రమోషన్లలో, పనితీరులో తేడా రాలేదు.

కాబట్టి నా ఓటు ఇన్ఫోసిస్ పద్ధతికే, అదీ సగం మనసుతోనే. అక్కడా లెక్కపెట్టేది రోజులనే; ఆ రోజు పక్కన ఎవరున్నారన్నది కాదు. మేనేజర్లకు నా విన్నపం: కొత్తవాళ్లనూ, వాళ్లకు నేర్పేవాళ్లనూ ఒకే రోజుల్లో రప్పించండి. టీం వేరే ఊళ్లో ఉన్నవాణ్ని తెనాలి నుంచే పని చేసుకోనివ్వండి.