గోదాలో బాలిక, ఎదుట నిలిచిన బాలుడు

మా ఇంట 'దంగల్' చిత్రం చూడటం ముగిసిన రాత్రి మా మనుమరాలు నన్నొక ప్రశ్న అడిగింది. అప్పటికి దానికి పదకొండేళ్లు. "తాతయ్యా, గీత చేతిలో ఓడిపోయిన ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి వాళ్లమ్మతో ఏం చెప్పి ఉంటాడు?"

నలభై ఏళ్లుగా సాహిత్య విమర్శ పేరిట ఏదో ఒకటి రాస్తూ వచ్చిన నాకు జవాబు తోచలేదు. మరునాడు తోచింది జవాబు కాదు, ఒక సందేహం. ఆడపిల్ల మగపిల్లవాడితో కుస్తీ పట్టిన కథ మన దేశంలో చెప్పినప్పుడల్లా ఆ ఎదుటివాడు ఏమవుతున్నాడు? అతనిని చూడకుండా ఆమెను మాత్రం సరిగా చూడగలిగామా?

పురుషునితో తలపడిన స్త్రీకి మన సాహిత్యంలో కొదవ లేదు. ఆ తలపడడాన్ని తలపడడంగానే చూసిన కన్నుకు మాత్రం కొదవ ఉంది. పోతన భాగవతం దశమ స్కంధంలో నరకాసురుని సేనపై సత్యభామ విల్లు ఎక్కుపెట్టిన ఘట్టం తెలుగు పాఠకులకు కంఠస్థం. అంతకుముందే నాచన సోమన ఉత్తర హరివంశంలో ఆ బాట వేశాడు. ఇద్దరిదీ ఒకే విన్యాసం: శత్రువు వైపు ఆమె రౌద్రమూర్తి, భర్త వైపు శృంగారమూర్తి. రసపోషణ దృష్ట్యా ఇది అసాధారణమైన కల్పన. దాని అందాన్ని కాదనే సాహసం నాకు లేదు. అయితే రణరంగంలో సైతం ఆమెను చూసి మురియడానికి భర్త పక్కన ఉండవలసిందే. పోతనలో చివరకు చక్రం ప్రయోగించి నరకుని సంహరించేదీ ఆయనే. దీపావళి కథ చెప్పుకొనేటప్పుడు మన జనం ఆ పని సత్యభామకే అప్పగించారు. ఈ విషయంలో జనం కవి కన్న ఉదారులు.

ప్రమీల కథ మరింత విశదం. పిల్లలమర్రి పినవీరభద్రుడు తెలుగు చేసిన జైమిని భారతంలో ఆమె అశ్వమేధాశ్వాన్ని కట్టివేసి అర్జునునితో పోరుతుంది. పోరు పెళ్లిగా పరిణమిస్తుంది. 1965లో ఎన్.టి. రామారావు, బి. సరోజాదేవి నటించిన 'ప్రమీలార్జునీయం' చిత్రం ఈ కథను ఇంటింటికీ తెచ్చింది. యుద్ధం ఇక్కడ పెళ్లిచూపులకు పర్యాయపదం. ఆమె ఓడినా పెళ్లే, గెలిచినా పెళ్లే.

పైగా ఇవన్నీ విల్లమ్ముల పోరాటాలు. బాణానికి దూరం ఉంటుంది; ఆ దూరం మర్యాదను కాపాడుతుంది. కుస్తీలో ఆ వెసులుబాటు లేదు. మెడ మీద చేయి, నడుము చుట్టూ పట్టు, ముఖానికి తగిలే ఊపిరి - ఇవే దాని సామగ్రి. చాణూరునితో కృష్ణుని పోరును, జరాసంధునితో భీముని పోరును పట్టు పట్టుగా వర్ణించిన మన కవులు స్త్రీని మల్లరంగంలోకి దింపలేదు. దింపితే ఆ వర్ణనను ఏ రసంలో నడపాలో లక్షణ గ్రంథాలు చెప్పలేదు కాబోలు.

కావ్యాలు చేయని పనిని అలీగఢ్‌కు చెందిన హమీదా బాను చేసి చూపింది. 1954లో ఆమె చేసిన సవాలు పత్రికలకెక్కింది: కుస్తీలో నన్ను ఓడించినవానిని పెళ్లాడతాను. ఆ ఏడాది బరోడాలో బాబా పహిల్వాన్ అనే మల్లుడు ఆమె ముందు 1 నిమిషం 34 సెకన్లు నిలిచాడు. ఒక్క సంగతి గమనించాలి. గోదాలో మగవారిని చిత్తు చేయగల మనిషి కూడా తన సవాలును ప్రమీల భాషలోనే ప్రకటించవలసి వచ్చింది. పెళ్లి మాట లేకుండా "నాతో కుస్తీకి రండి" అని మాత్రమే అని ఉంటే జనం టిక్కెట్టు కొని ఉండేవారా? కొన్నిచోట్ల ఆమె పోటీలను అడ్డుకున్నారు. కొందరు అవన్నీ ముందే కుదుర్చుకున్న బూటకాలన్నారు. అనంతర జీవితంలో ఆమె కల్యాణ్‌లో పాలు అమ్ముకొని బతికిందని చెబుతారు. 2024 మే 4న గూగుల్ సంస్థ తన పుటపై ఆమె బొమ్మ వేసేవరకు ఈ పేరు విననివారే మనలో ఎక్కువ. నేనూ వారిలో ఒకడినే.

ఇక చలనచిత్రాలు. 2016లో కొన్ని నెలల తేడాతో రెండు హిందీ చిత్రాలు కుస్తీపట్టే స్త్రీని తెరకెక్కించాయి. 'సుల్తాన్' గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. అందులో నాయిక అర్ఫా గొప్ప మల్లురాలు. ఆమె ఒలింపిక్ కల గర్భధారణతో ఆగిపోతుంది, మిగిలిన కథ భర్తది. ప్రమీల మరొకసారి అంతఃపురం చేరింది.

నితేశ్ తివారీ దర్శకత్వంలో ఆ ఏడాది డిసెంబరులో విడుదలైన 'దంగల్' వేరే కోవకు చెందినది. హర్యానాలోని బలాలి గ్రామంలో మహావీర్ సింగ్ ఫోగాట్ తన కూతుళ్లకు కుస్తీ నేర్పిన యథార్థ గాథ దీనికి ఆధారం. పెద్ద కుమార్తె గీత 2010 దిల్లీ కామన్వెల్త్ క్రీడలలో 55 కిలోల విభాగంలో స్వర్ణం గెలిచింది. 2012 లండన్ ఒలింపిక్స్‌కు అర్హత పొందిన తొలి భారతీయ మల్లురాలు ఆమెయే. ఇక్కడ పెళ్లి లేదు. పెళ్లి స్థానంలో తండ్రి ఉన్నాడు. జుత్తు కత్తిరించేదీ, తెల్లవారకముందే పరుగెత్తించేదీ, తన నెరవేరని కలను కూతుళ్ల భుజాలకెత్తేదీ ఆయనే. ఆయన దౌర్జన్యాన్ని సమర్థించడానికి చిత్రం ఒక బాల వధువును ప్రవేశపెడుతుంది. "మీ నాన్న కనీసం మిమ్మల్ని బిడ్డలుగా చూస్తున్నాడు" అన్న భావం ఆ పిల్ల నోట వినిపించి మన నోళ్లు మూయిస్తుంది. సన్నివేశం శక్తిమంతమే, కాని వాదంగా అది సగమే సరి. బాల్యవివాహం కన్న మేలైనదల్లా స్వేచ్ఛ అయిపోదు.

ఈ చిత్రంలో నేను మళ్లీ మళ్లీ చూసిన భాగం పతాక సన్నివేశం కాదు. అక్కడ తండ్రిని గదిలో బంధించడం వంటివి కల్పితాలు. శిక్షకుణ్ణి అంత హీనంగా చిత్రించడమూ న్యాయంగా లేదు. నన్ను ఆకట్టుకున్నది తొలి దంగల్. ఆడపిల్లను గోదాలోకి రానివ్వనని నిర్వాహకుడు మొదట తిప్పి పంపుతాడు. ఆడపిల్ల మగవాడితో కుస్తీపడితే చూడటానికి జనం విరగబడతారని తట్టిన తరువాత ఒప్పుకుంటాడు. (1954 నాటి బరోడాకూ దీనికీ ఎంత దూరం?) గీత ఎదుట ఉన్న బాలురలో బలవంతుణ్ణి ఎంచుకొని తలపడుతుంది, ఓడిపోతుంది. ఆ రాత్రి నిద్రపట్టక తండ్రిని అడుగుతుంది: తరువాతి దంగల్ ఎప్పుడు?

ఆ ప్రశ్నలో వరుడు లేడు, దేశం లేదు, పతకం లేదు. తండ్రి కల కూడా లేదు. ఆ క్షణం నుంచి కుస్తీ ఆమె సొంతం. పట్టు దొరికి జారిపోయినప్పటి రుచి తెలిసినవారే అలా అడుగుతారు. బాలిక మగపిల్లవానితో తలపడడాన్ని మరి దేనికో సాధనంగా కాక దానికదే విలువైనదిగా చూపిన ఘట్టం మన చలనచిత్రాలలో నాకు తెలిసి ఇది. దానిని విజయంతో కాక ఓటమితో చూపడంలో దర్శకుని వివేకం ఉంది.

అసలు ఆ పోటీలు ఎందుకు జరిగాయి? సమాధానం మామూలుది. ఆ ఊళ్లో గీతతో తలపడడానికి మరో ఆడపిల్ల లేదు. మహిళల కుస్తీ 2004 ఏథెన్స్ క్రీడలలో గాని ఒలింపిక్స్‌లో చేరలేదు. యౌవనానికి ముందు బాలబాలికల బలంలో తేడా స్వల్పం. ఆ తరువాత కండబలం పురుషుని వైపు మొగ్గుతుంది. కనుక ఈ సమఉజ్జీ పోరు బాల్యపు చివరి రెండు మూడేళ్లలోనే సాధ్యం. చిత్రమూ దానిని ఆ వయసుకే పరిమితం చేసి తరువాత బాలికల జాతీయ పోటీలకు మళ్లుతుంది. కొరత వల్ల పుట్టి, కొరత తీరగానే అంతరించే పోటీ అది.

అమెరికాలోనూ ఇదే జరిగింది. అక్కడ ఉన్నత పాఠశాలల కుస్తీలో బాలికలు బాలుర జట్లలోనే ఆడుతూ వచ్చారు. 2011లో అయోవా రాష్ట్ర పోటీలకు తొలిసారిగా ఇద్దరు బాలికలు అర్హత పొందారు. వారిలో ఒకరి ప్రత్యర్థి ఆ ఏడాది 35 పోటీలలో గెలిచి 4 మాత్రమే ఓడిన బాలుడు. అతడు తన మత విశ్వాసం ప్రకారం ఆడపిల్లతో అలా తలపడడం తగదని గోదా దిగనే లేదు. పోరు లేకుండానే ఆమెకు విజయం ప్రకటించారు. 2022లో ఆ రాష్ట్రం బాలికల కుస్తీని ప్రత్యేక క్రీడగా గుర్తించింది. ఆనాడు అతనిని మెచ్చుకొన్నవారూ నిందించినవారూ సరిసమానంగా ఉన్నారు. నాకు మాత్రం అతడు మా మనుమరాలి ప్రశ్నలోని బాలునికి అన్న అనిపించాడు. ఆమెను గౌరవించాననుకొన్నాడు. ఆమె కోరిన గౌరవం అది కాదు. ఎందరితో పోరాడి అక్కడికి వచ్చిందో ఆ పోరే ఆమెకు దక్కలేదు. ఇంత మంచి కథావస్తువు మన కథకులెవరి చేతికైనా చిక్కితే ఆ బాలుణ్ణి మూర్ఖునిగానో ఆ బాలికను బాధితగానో చేసి చెడగొడతారేమోనని భయం.

ఈ మాటలు అండమాన్ నుంచి రాయడానికి కారణం ఉంది. 2011 జనగణన నాటికి ఈ ద్వీపాల జనాభా 3 లక్షల 80 వేలు. అందులో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 13 మంది. 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అనబడిన నేటి శ్రీ విజయపురంలో తెలుగు మాట వినపడని వీధి అరుదు. మాలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చినవారు. కోడి రామమూర్తి నాయుడు పుట్టిన సీమ అది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ నుంచి కాంస్యం తెచ్చిన కరణం మల్లేశ్వరి సీమ కూడా అదే. రామమూర్తిగారి ఛాతీ మీద ఏనుగు నిలిచిన కథను మా తాతలు చెప్పగా విన్నాం. 240 కిలోలు ఎత్తిన మల్లేశ్వరి కథను మన పిల్లలకు అంత రుచిగా చెబుతున్నామా? బరువులకు ప్రత్యర్థి లేడు గనుక ఆమె విషయంలో ఎవరికీ సంకోచం కలగలేదు. కుస్తీ అయి ఉంటే?

ద్వీపాల విషయంలో బలాలి నాటి కొరత ఇంకా కొరతే. జనావాసం గల ముప్పై పైచిలుకు దీవులలో చాలాచోట్ల పాఠశాల చిన్నది. ఒకే బరువుగల ఇద్దరు బాలికలు ఒక తరగతిలో దొరకడం కష్టం. పక్క పాఠశాలకు పడవ ఎక్కాలి. అటువంటిచోట ఏ పిల్లకైనా కుస్తీ మీద మనసైతే ఆమెకు దొరికే ప్రత్యర్థి తోటి బాలుడే. దీనిని అనుమతించాలా వద్దా అన్నది అధికారుల సమస్య, వారు తేల్చుకొంటారు. దానిని ఎలా చూడాలన్నది మా వంటివారి సమస్య. చూసే పద్ధతి కుదరనంత కాలం అనుమతి పత్రం ఉన్నా ఆ పిల్ల ఒక వింతగానే మిగులుతుంది.

ఈ సందర్భంలో నికోబార్ వారి కుస్తీ గుర్తుకు వస్తుంది. దానిని 'కిరిప్' అంటారు. ప్రత్యర్థులిద్దరూ ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు బిగించి పట్టుకొంటారు. పోటీ ముగిసేవరకు ఆ పట్టు వదలకూడదు. కాళ్లతోనే ఎదుటివారిని పడగొట్టాలి. వీపు నేలకు తాకితే ఓటమి. దూరం నుంచి చూస్తే ఇది ఆలింగనమా పోరాటమా అన్నది తెలియదు. గోదాకు సంబంధించిన సత్యం ఇంత విప్పిచెప్పిన ఆట నేను మరొకటి ఎరుగను. ఎదుటివారిని గట్టిగా పట్టుకోకుండా పడగొట్టడం కుదరదు, వారిని మనతో సమానంగా నిలబెట్టుకోకుండా పట్టుకోవడమూ కుదరదు. శృంగారానికీ రౌద్రానికీ నడుమ మన కవులు వెతకని చోటు అదే.

మనుమరాలి ప్రశ్నకు 'దంగల్' జవాబు చెప్పలేదని చాలాకాలం అనుకొన్నాను. మళ్లీ చూసినప్పుడు నా పొరపాటు తెలిసింది. కథ చెబుతున్న గొంతు ఎవరిది? తండ్రిది కాదు, గీతదీ కాదు. అక్కచెల్లెళ్లతో ఇంటి గోదాలో సాధనకు నిలబడవలసి వచ్చిన పినతండ్రి కొడుకు ఓంకార్‌ది. ఆడపిల్లలతో కుస్తీపట్టి మట్టి కరిచినవాడే ఈ కథను మనకు చెబుతున్నాడు. నవ్వుతూ చెబుతున్నాడు, తన మీద తాను జోకులు వేసుకొంటూ, ఏ కక్షా లేకుండా. ఆడపిల్ల కథను మగవాని గొంతుతో చెప్పించడం లోపమని మొదటిసారి రాసుకొన్న కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. గీత తన కథ తానే చెప్పుకొనే చిత్రం ఇంకా రావలసే ఉంది. అయినా ఓడిన బాలుడు ఇంటికి వెళ్లి ఏం చెబుతాడన్నదానికి ఆ గొంతు ఒక జవాబు.

ఈ సంగతి మనుమరాలికి చెప్పాను. ఇప్పుడది కళాశాలకు వెళుతోంది. కొంచెంసేపు ఆలోచించి, "ఓంకార్ వాళ్ల అన్నయ్య కదా తాతయ్యా, ఇంట్లోవాడు. నేనడిగింది రోహ్‌తక్ అబ్బాయి గురించి" అంది.