'అమ్మ' అని రాసుంటే 'యాడి' అని చదివింది

కొన్నేళ్ళ కింద ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక తండా బడికి పరిశీలకురాలిగా వెళ్ళాను. ఒక సంస్థ తరఫున, పఠన కార్యక్రమం ఎలా నడుస్తోందో చూసే పని. చేతిలో నాలుగు పేజీల ఫార్మాటు. రెండో తరగతి పిల్లకి 'అమ్మ' అన్న మాట చూపించాను. ఆ పిల్ల ఒక్క క్షణం చూసి "యాడి" అంది. లంబాడీలో యాడి అంటే అమ్మే. కార్డు మీద ఉన్నది ఉన్నట్టు పలికితేనే సరి అని సూచనల్లో ఉంది కనక ఇంటు పెట్టాను.

పక్కన నిలబడ్డ టీచరు ఏమీ అనలేదు. పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి చేసిన చీటీల కట్ట మాత్రం తీసి చూపించింది. పిల్లల్ని రోజుకొకరిని పిలిచి ఏ మాట కావాలో అడిగి రాసిస్తుందట. ఈ పిల్ల చీటీల్లో యాడి ఉంది, పూణె ఉంది, లారీ ఉంది. తల్లి పూణెకి మట్టిపనికి పోయింది. ఆ మూడూ పిల్ల తడుముకోకుండా చదివింది. నా ఫార్మాటులో వాటికి గడి లేదు. 'వారం ప్రణాళిక ప్రకారం బోధన జరుగుతోందా' అన్న దగ్గర 'లేదు' అని రాశాను. "రాస్కోండి మేడమ్, మీ పని మీది" అందామె. కోపంగా కాదు, అదే ఎక్కువ బాధ.

సిల్వియా యాష్టన్-వార్నర్ 'టీచర్' (1963) చాలా ఏళ్ళ కిందే చదివాను. ఆ మధ్యాహ్నం తర్వాత మళ్ళీ తీశాను. ఈమె న్యూజిలాండ్ పల్లెబడుల్లో మావోరీ పసిపిల్లలకి చదువు చెప్పింది. పొద్దున్నే ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి, ఏ మాట కావాలో అడిగి, అట్టముక్క మీద రాసిచ్చేది. మర్నాడు అట్టలన్నీ కలిపి నేల మీద పోస్తే ఎవరివి వాళ్ళు ఏరుకోవాలి. గుర్తుపట్టలేకపోతే తప్పు పిల్లది కాదు. అది ఆ పిల్లకి అక్కర్లేని మాట, తీసేయాల్సిందే. పిల్లలు అడిగినవి దయ్యం, ముద్దు, భయం లాంటి మాటలు. అప్పట్లో అక్కడి బడులకి వచ్చిన 'జానెట్ అండ్ జాన్' వాచకాల్లో ఉన్నవి రా, చూడు లాంటి మాటలు. శుభ్రమైన ఇల్లు, శుభ్రమైన పిల్లలు. భయం వాటి గుమ్మం తొక్కదు. మన వాచకాల్లో నాన్న పేపరు చదువుతూ అమ్మ వంట చేస్తూ కూర్చున్న బొమ్మల గురించి స్త్రీవాదులం చాలానే రాశాం. అమ్మ అసలు ఇంట్లోనే లేని పిల్ల ఆ బొమ్మని ఎలా చదువుతుందో మాత్రం తక్కువగా రాశాం.

నాకు ఆ పుస్తకం కన్నా ముందు వచ్చిన నవల 'స్పిన్‌స్టర్' (1958) ఎక్కువ దగ్గర. కథానాయిక అన్నా వొరొంటొసోవ్‌కి పొద్దున్నే బ్రాందీ గుక్క పడితేగాని బడికి కాలు కదలదు. ఎందుకంత భయం? ఇన్‌స్పెక్టర్లు. ఎదురుగా లేనప్పుడు కూడా వాళ్ళు ఆమె బుర్రలో తిరుగుతూనే ఉంటారు. వాళ్ళ తలపుకే అపరాధభావంతో గొంతు పట్టేస్తుంది. దీన్ని ఒంటరి స్త్రీ మానసిక బలహీనతగా చదవడం తేలిక. నేనలా చదవలేను. పసి తరగతులు ఆడవాళ్ళకి, హెడ్మాస్టరు గది, తనిఖీ అధికారం మగవాళ్ళకి అన్న ఏర్పాటు లోపల పుట్టిన భయమది. యాష్టన్-వార్నర్ స్వయంగా భర్త హెడ్మాస్టరుగా ఉన్న బడుల్లో పనిచేసింది. తరగతి గదిలో కనిపెట్టింది ఆమె. కానీ ఆ కనిపెట్టినదాన్ని చదువుగా ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆమె చేతిలో లేదు. నేను కూర్చున్న సమీక్ష సమావేశంలోనూ వేదిక మీద అందరూ మగవాళ్ళే, కింద కుర్చీల్లో సగానికి పైగా టీచరమ్మలు. ఇన్‌స్పెక్టరు స్త్రీ అయినంత మాత్రాన ఏం మారుతుందన్న ప్రశ్నకి జవాబు నా చేతిలోని ఫార్మాటే.

లెక్కలు వద్దనడం లేదు. 2005 నుంచి వస్తున్న 'అసర్' సర్వేలు లేకపోతే, అయిదో తరగతికొచ్చినా రెండో తరగతి పాఠం చదవలేని పిల్లలు ఇంతమంది ఉన్నారని ఎవరూ ఒప్పుకునేవారు కాదు. లెక్కపెట్టకపోతే మొదట మరుగున పడేది ఆడపిల్లల చదువే. నా పేచీ దేన్ని లెక్కపెడుతున్నామన్నదాని గురించి. 2021లో మొదలైన నిపుణ్ భారత్ మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలంది. 'రాలేకపోతున్నానని' అనే మన ఒక్క మాటలో ఇంగ్లీషువాళ్ళ ఆరేడు మాటలు ఇమిడిపోతాయి. గడియారానికి ఆ తేడా తెలియదు. 2022 జాతీయ అధ్యయనంలో 20 భాషలకి విడివిడిగా ప్రమాణాలు పెట్టారు, అది కొంత నయం. అయినా చూసి, అర్థం చేసుకుని, తన భాషలోకి మార్చి చెప్పిన పిల్ల ఏ ప్రమాణంలోనూ ఇమడదు.

ఇక్కడే యాష్టన్-వార్నర్‌తోనూ నాకు తగాదా ఉంది. పిల్లల లోపలి మాట అంటూ ఆమె రాసిచ్చినవి ఇంగ్లీషు మాటలు. మావోరీ పిల్లల్లో హింస సహజంగా ఉప్పొంగుతుందనీ, సృజనకి దారి తెరిస్తే అది ఎండిపోతుందనీ నమ్మింది. ఆ ఉద్రేకం వెనక పోయిన భూములూ, బడిలో చోటు లేని భాషా ఉన్నాయన్న ఊహ ఆమె పుస్తకంలో బలహీనంగా ఉంది. ప్రేమ ఉంది, సందేహం లేదు. తెల్లామె ప్రేమ అది. ఆ పని మావోరీలే చేసుకున్నారు. 1982లో 'కోహంగ రేయో', అంటే భాషాగూళ్ళు, మొదలుపెట్టారు. వాటిలో నానమ్మలూ అమ్మమ్మలూ పసివాళ్ళతో తమ భాషలోనే మాట్లాడారు. 1987లో మావోరీ అధికార భాష అయింది.

అలాంటి ప్రయత్నం మన దగ్గర జరగలేదని కాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో తొలి తరగతుల బోధన మొదలుపెట్టారు. లంబాడీ వాటిలో ఒకటి. యాడి అన్న మాట వాచకంలోకి ఒకసారి వచ్చిందన్నమాట. నేను వెళ్ళిన బడిలో దాన్ని క్యాలెండరు వెనక మళ్ళీ మొదటినుంచి రాయాల్సి వచ్చింది. రాసిన టీచరు లంబాడీ కాదు. పిల్లల దగ్గరే నేర్చుకుందట. యాష్టన్-వార్నర్ పేరు ఆమె విననేలేదు.

తర్వాతి సమీక్షలో నేనొక మాట అడిగాను. ఫార్మాటు చివర టీచరు తనకు తోచింది రాసుకోవడానికి నాలుగు ఖాళీ గీతలు పెడదామని. యాప్‌లో అవును, కాదు, అంకెలు తప్ప పట్టవన్నారు. కాగితం మీదైనా పెట్టమన్నాను. కాగితాలు ఎవరు చదువుతారు మేడమ్ అన్నారు.