ముప్పదేండ్ల యెఱుక

పార్వతీపురమునుండి ఒక పాఠకుడు, వృత్తిచేత ఉపాధ్యాయుడు, ఈ శీర్షికను వారము వారము శ్రద్ధతో చదువువాడు, నాకొక జాబు వ్రాసి, ఇంతకాలముగా పరుల రచనలను గూర్చియు, ఊళ్లను గూర్చియు, ఏళ్లను గూర్చియు వ్రాయుచున్న నేను నన్ను గూర్చి మాత్రము ఒక్క ముక్కయైనను చెప్పలేదనియు, ఏ వేళ వ్రాయుదునో, ఎట్లు కూర్చుండి వ్రాయుదునో, ఇతరులకు వింతగా తోచు అలవాట్లు నాకేమి కలవో కొంతయైనను వెల్లడింపవలసినదనియు కోరినాడు. చెప్పుకొనుటకు నాకు సంకోచము లేదు. అయినను రచయిత తన్ను గూర్చి తాను చెప్పుకొనుట అనునది ఒక విద్య. ఆ విద్యలో మా ఉత్తరాంధ్రపు పెద్దలు నడచిన దారులు కలవు. వానిని ఒకమారు కలయజూచిన పిదపగాని నా మాట చెప్పుటకు నాకు నోరు రాదు.

విజయనగరమున ఆత్మకథ యనగానే మొట్టమొదట స్మరింపవలసినది ఆదిభట్ల నారాయణదాసుగారి ‘నా యెఱుక’. 1864 ఆగస్టు 31న, బొబ్బిలికి చేరువను, సువర్ణముఖీ తీరమందలి అజ్జాడ గ్రామమున జన్మించి, తల్లిదండ్రులు పెట్టిన సూర్యనారాయణ నామము మరుగుపడగా నారాయణదాసై, తెలుగుదేశమున హరికథకు ఒక రూపమును గౌరవమును కల్పించి, సంగీత సాహిత్య నృత్యాభినయములను ఒక్క దేహమునందు ఇముడ్చుకొని, చేతులు రెంటితోను పాదములు రెంటితోను శిరస్సుతోను ఏకకాలమున వేర్వేరు తాళములు వేసి పండితులను నివ్వెఱపఱచి, షేక్స్పియరును కాళిదాసును ‘నవరసతరంగిణి’లో ఒక్క చోట కూర్చి, ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునకును అచ్చతెలుగునకును తెచ్చి, 1919లో విజయరామ గానపాఠశాల నెలకొన్నప్పుడు దానికి ప్రథమాధ్యక్షుడై, 1945 జనవరి 2న కీర్తిశేషుడైన ఆ మహానుభావుడు, తన కథను తాను వ్రాసికొన్నప్పుడు మాత్రము జీవితమందలి తొలి ముప్పదేండ్లతోనే చాలించినారు.

ఎనుబదేండ్లు బ్రతికినవాడు ముప్పదియింటికే కలము దింపుట ఎందులకు? ఈ ప్రశ్న నన్ను చిరకాలము వెన్నాడినది. ఆనందగజపతి మహారాజుల ఆస్థానమున దాసుగారి ప్రతిష్ఠ కుదురుకొన్నది ఇంచుమించుగా ఆ వయసుననే. అటుపిమ్మటి కాలమునకు సాక్షులు వేనవేలు: సభలు కలవు, బిరుదములు కలవు, శిష్యులు కలరు, రాజులు పంపిన శాలువలు కలవు, ఆ చరిత్రను ఎవ్వరైనను వ్రాయగలరు. ఎవ్వరును ఎఱుగనిది, తాను చెప్పకున్నచో తనతోనే నశించునది, కీర్తి రాకముందటి కాలము. బాల్యమున చెవిని పడిన భాగవతపద్యములు, చదువు నిలువక తిరిగిన ఊళ్లు, పరులు తన్ను గుర్తింపని దినములలో తనకు తానిచ్చుకొన్న ధైర్యము – వీనికి ఏకైక సాక్షి ఆయనయే. కనుక తనకు మాత్రమే తెలిసినదానిని చెప్పి, లోకమునకు తెలిసినదానిని లోకమునకే విడిచినారని నేను విశ్వసించుచున్నాను. ఆత్మకథ వ్రాయబూనిన వారందఱును ఆలోచింపదగిన మేర ఇది.

అంతకంటెను నన్ను ఆకర్షించినది ఆ గ్రంథమందలి నిర్దాక్షిణ్యమైన చిత్తశుద్ధి. యౌవనమున తాను తిరిగిన త్రోవలను, భోగలాలసతను, వేశ్యాసాంగత్యమును దాసుగారు దాచలేదు. ఇంచుమించు ఆయన కాలముననే, 1911లోను 1915లోను రెండు భాగములుగా ‘స్వీయచరిత్రము’ వెలువరించిన కందుకూరి వీరేశలింగంపంతులుగారు తన లోకసేవను, అందుకై పడిన పోరాటములను, ఎదుర్కొన్న నిందలను న్యాయస్థానమున సాక్ష్యమిచ్చువాని నిష్ఠతో వ్రాసినారు. ఆ నిష్ఠకు నేను నమస్కరింతును. దాసుగారి స్వరము వేఱు. పశ్చిమమున రూసో తన ఆత్మనివేదనమును, తనవంటి మనిషి మఱియొకడు లేడను ప్రతిజ్ఞతో ఆరంభించినాడు. దాసుగారి పలుకున ఆ ప్రతిజ్ఞయు లేదు, పశ్చాత్తాపపు కన్నీరును లేదు. హరిదాసు ప్రధానకథ నడుమ ఆగి పిట్టకథ చెప్పునప్పటి స్వరముననే తన చేష్టలను తాను చెప్పుకొనిపోయినారు. తప్పు ఒప్పుకొన్నందుకు మెచ్చుకొండని శ్రోతను యాచింపని ఆత్మకథలు ఏ భాషయందును మిక్కిలి తక్కువ.

మా తాతగారు బాల్యమున దాసుగారి కథ విన్నవారు. సాయంకాలము అరుగుమీద కూర్చుండి, ఆ గజ్జెల మ్రోత వినిపించిన తోడనే వెనుకటి వరుసలవారు సయితము ఎట్లు లేచి నిలిచెడివారో, మైకులు లేని ఆ దినములలో ఆ కంఠము పందిరి దాటి ఎట్లు వినవచ్చెడిదో ఆయన చెప్పునప్పుడు, తాతగారి చేయి తనకు తెలియకుండగనే తొడపై తాళము వేయుచుండెడిది. ‘నా యెఱుక’ నేను చదివినది అటుపిమ్మట చాలకాలమునకు. చదువుచున్నంతసేపును నా చెవిలో మ్రోగినది ఆ తాళమే.

గురజాడ అప్పారావుగారి మార్గము దీనికి పూర్తిగా భిన్నము. ఆయన దినచర్యలు ఆంగ్లమున వ్రాసికొన్నవి, తనకొఱకు మాత్రమే వ్రాసికొన్నవి; కాలాంతరమున అవసరాల సూర్యారావుగారి పరిశ్రమవలన తెలుగుపాఠకులకు అందినవి. జనుల నోటి మాటకు సాహిత్యపీఠము వేసిన మనిషి తన ఏకాంతమున తనతో ఆంగ్లమున మాటలాడుకొనుట కొందఱికి వింతగా తోచును. కళాశాలలో ఆంగ్లము చదివి, ఆంగ్లమున పద్యములు వ్రాసి, సంస్థానపు వ్యవహారములను ఆంగ్లముననే నడపినవానికి ఆ భాష చేతి క్రిందనే ఉండెడిది. తెలుగును మాత్రము ఆయన లోకముకొఱకు సానబట్టుచుండెనని నా తలంపు. అయితే ఆయన హృదయము నాకు దినచర్యలలోకంటె స్పష్టముగా కనబడినది ‘కన్యాశుల్కము’ ప్రథమముద్రణమునకు 1897లో వ్రాసిన పీఠికయందు. ఆనందగజపతివారి ఆజ్ఞచే సిద్ధపఱచిన పట్టికలనుబట్టి, విశాఖపట్టణ మండలపు బ్రాహ్మణులలో మూడేండ్లలో జరిగిన కన్యాశుల్క వివాహములు 1034 అనియు, ఆ బాలికలలో ఐదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఏడాది పసికందులు 3 అనియు ఆయన అందు వ్రాసినారు. ఆ అంకెలను ఒక్కొక్కటిగా దించి వ్రాయునప్పుడు ఆయన మనస్సు ఎట్లుండెనో ఆలోచింపుడు. తన్ను గూర్చి ఒక్క మాటయు లేకయే, తన్ను ఏది నిద్రపోనీయలేదో ఆయన అక్కడ చెప్పివేసినారు.

అప్పారావుగారి సహాధ్యాయియు ఆప్తమిత్రుడునైన గిడుగు రామమూర్తిపంతులుగారి విషయమున నన్ను కలచివేయు వాస్తవము ఒకటి కలదు. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళమునకు ఉత్తరమున పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, అచటి కొండలలోని సవరల భాషకు లిపి గాని పుస్తకము గాని లేకుండుట చూచి, సవరలను ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చి, కొండలలో తిరుగుటచే మలేరియా పాలై, ఆ జ్వరమునకు మ్రింగిన క్వినైనువలన వినికిడి పోగొట్టుకొన్నారు. 1931లో ప్రకటితమైన సవరభాషా వ్యాకరణము ఆ చెవిటితనము తోడుగా సాగిన పరిశ్రమకు ఫలము. మనుష్యులు పలుకు భాషయే భాషయని జీవితాంతము వాదించినవానికి మనుష్యుల పలుకు వినబడకుండుట! ఈ సంగతి ఎఱుగక ఆయన గ్రంథములు చదివినవాడు పాండిత్యమును చూచును. ఎఱిగి చదివినవాడు ఆ పాండిత్యమునకు చెల్లించిన వెలను కూడ చూచును. రచయిత దేహమునకు సంబంధించిన చిల్లరసంగతులు మనకెందులకని అడుగువారికి నేను ఇచ్చు సమాధానము పంతులుగారి చెవులు.

చాగంటి సోమయాజులుగారు, మనకందఱకు ‘చాసో’, తన్ను గూర్చి వ్రాసికొన్నది స్వల్పము. 1915లో శ్రీకాకుళమున పుట్టి విజయనగరమున స్థిరపడిన ఆయన కథను మనస్సునందే సాంతముగా కట్టుకొని, మిత్రులకు నోట చెప్పి, అటుపిమ్మట కాగితముపై పెట్టెడివారని వినికిడి. ‘వాయులీనం’, ‘ఏలూరెళ్ళాలి’ వంటి కథలలో ఒక్క పదము జాఱదీయుటకు వీలు లేకుండుటకు కారణము ఆ అలవాటేయని నేననుకొందును. కాళీపట్నం రామారావు మాస్టారు – 1924లో మురపాకలో పుట్టి, విశాఖపట్టణమున ఉపాధ్యాయుడై, ‘యజ్ఞం’ వ్రాసిన కారా మాస్టారు – కథ ఎట్లు పుట్టునో, ఎక్కడ చెడునో ‘కథాకథనం’లో యువకులకు విప్పి చెప్పినారు, పిదప తన కథలను ప్రక్కకు పెట్టి, అకాడమీ పురస్కారపు ద్రవ్యమును కూడ జోడించి, తెలుగుకథలన్నియు ఒక్క కప్పు క్రింద ఉండవలెనని 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున కథానిలయమును తెఱచినారు. ఆ భవనమున రచయితల ఛాయాచిత్రముల నడుమ నిలిచినప్పుడెల్ల, మాస్టారు తన ఆత్మకథను ఇతరుల కథలతో వ్రాసినారని నాకు తోచును.

ఇక నా సంగతి. నాకు బల్లయు కుర్చీయు వ్రాతకు పనికిరావు. చాపమీద కూర్చుండి, ఒడిలో అట్ట పెట్టికొని వ్రాయుదును; బాల్యమున మా అమ్మ వంటింటి గడపదగ్గర చింతపండు గింజలు తీయుచుండగా ఆమె ప్రక్కను కూర్చుండి పాఠములు వ్రాసికొన్న అలవాటు నన్ను విడువలేదు, నేనును విడువదలచుకోలేదు. ప్రతి వాక్యమును ముందు పైకి పలికి, ఊపిరి తెగక సాగినచో ఉంచుదును, తెగినచో విఱుతును. మా ఇంటికి కొత్తగా వచ్చినవారు లోపల ఎవరితోనో మాటలాడుచున్నాననుకొని వాకిటనే ఆగుట కలదు. మంచి రచన కంటబడినప్పుడు దానిని చేతితో ఎత్తి వ్రాసికొందును. చాసో కథలను ఇట్లు వ్రాసికొని, కథ ఎక్కడ ఆపవలెనో నేర్చుకొన్నాను.

ఇంతకంటె లోతుగా చెప్పుకొనవలసినది ఒకటి కలదు. విజయనగరమునుండి రాజాము, పాలకొండల వైపు పోవు ఆర్టీసీ బస్సులలో, తెల్లవాఱుజామున కూరగాయల తట్టలతో ఎక్కు ఆడవారి వెనుకటి సీటునందు కూర్చుండుట నాకు చిరకాలపు అలవాటు. ‘ఏటోలే అప్పా, ఈ యేడు నువ్వు పంట ఏటైనాది?’ అని ఒకతె అడుగుటయు, మఱియొకతె ఏడవక నవ్వక చెప్పు సమాధానమును, నడుమ వచ్చు సామెతయు, ఎక్కడ మాట ఆపి కిటికీలోనుండి చూచునో ఆ ఆగుటయు నేను విని, వారి యెదుట పుస్తకము తీయక, దిగిన పిమ్మట చెట్టు క్రింద నిలిచి వ్రాసికొందును. నా కథలలో విమర్శకులు మెచ్చిన సంభాషణలలో అధికభాగము ఆ తల్లులది. వారు నా కథలు చదువలేదు. తమ మాటలు అచ్చైనవని వారికి తెలియదు. ఏ ముందుమాటలోను వారి పేళ్లు లేవు, ఏలయనగా పేళ్లు నేను అడుగలేదు. ఈ ఋణమును బహిరంగముగా చెప్పుకొనుటకు ఆ పాఠకుని జాబు నాకొక అవకాశమైనది.

వ్రాయనిది కూడ ఒకటి కలదు. విజయదశమి వెళ్లిన మంగళవారమున పైడితల్లి అమ్మవారి సిరిమాను, ఆ పొడవైన చింతమాను చివర పూజారి కూర్చుండి యుండగా, గుడినుండి కోటవఱకు ముమ్మాఱు సాగునప్పుడు, మా నాన్నగారి భుజములమీదనుండి నేను చూచినది మానును గాదు, ఒక్కసారిగా పైకెత్తబడిన జనుల ముఖములను. ఆ దృశ్యమును గూర్చి ఇంతవఱకు ఏ కథలోను ఒక్క పంక్తియైనను వ్రాయలేదు. వ్రాసినచో అది వాక్యమైపోయి, ఆ వాక్యమే నాకు మిగులునను భయము కలదు. ఒక్క స్మృతినైనను వ్రాతకు దూరముగా ఉంచుకొనుట రచయితకు అవసరమని నా విశ్వాసము. దాసుగారు ముప్పదవయేట ఆపుటలో ఇట్టి సంయమము కూడ ఉండియుండునేమో.

సాలూరు, బొబ్బిలి, టెక్కలి, నరసన్నపేటలలోని ఇండ్లలో, పెద్దలు వ్రాసి విడిచిన దినచర్యలు, జాబులు, చిత్తుప్రతులు ట్రంకుపెట్టెలలో నేటికిని ఉండియుండును. పాతకాగితముల వర్తకునికి తూకమునకు ఇచ్చుటకు ముందు వానిని ఒక్కమారు విప్పి చదువుడని, సాధ్యమైనచో కథానిలయమువంటి చోటికి చేర్చుడని ప్రార్థించుచున్నాను. నా చిత్తుప్రతుల వెనుకవైపున, ఆ కథ ఏ బస్సులో, ఏ ఊరి దారిలో విన్న మాటతో మొదలైనదో ఈ మాసమునుండి వ్రాసిపెట్టుచున్నాను. ముందుగా రాజాము దారివి పూర్తిచేసి, పిదప పాలకొండ దారివి చేపట్టుదును.