రంగస్థలం మీద కెమెరా: చూసేదెవరు, కనబడేదెవరు?

రంగస్థలం మీదికి కెమెరాను, వీడియో తెరను తీసుకురావడం గురించి రెండు వాదనలున్నాయి. నటుడికీ ప్రేక్షకుడికీ మధ్య యంత్రం అడ్డొస్తే నాటకం నాటకంగా మిగలదన్నది ఒకటి. సాంకేతిక ప్రగతిని అందుకోని కళ వెనకబడిపోతుందన్నది రెండోది. ఈ రెండూ యంత్రం ఉండాలా వద్దా అన్నచోటే ఆగిపోతున్నాయి. అది ప్రదర్శనలో ఏ పని చేస్తున్నదో అడగడం లేదు. కెమెరా ఎవరి చేతిలో ఉంది? ఎవరిని ఎవరికి చూపిస్తోంది? విమర్శ తేల్చవలసింది దీన్ని.

1925లో బెర్లిన్‌లో కమ్యూనిస్టు పార్టీ మహాసభ సందర్భంగా ఎర్విన్ పిస్కాటర్ ఒక ప్రదర్శన తయారుచేశాడు. 1914లో యుద్ధం మొదలైన నాటి నుంచి 1919లో కార్ల్ లీబ్‌నెక్ట్, రోజా లక్సెంబర్గ్‌ల హత్య దాకా నడిచే చరిత్ర అది. యుద్ధరంగంలో తీసిన అసలు ఫిల్మును అందులో వాడాడు. పార్లమెంటులో యుద్ధ రుణాలకు ఓటు వేసే ఘట్టాన్ని నటులు ప్రదర్శించిన వెంటనే, తెరమీద దాడి, దాంతోపాటే తొలి శవాలు కనబడ్డాయి. ఓటుకూ చావుకూ ఉన్న సంబంధాన్ని ఏ పాత్రా ఉపన్యసించలేదు. నటనకూ ఫిల్ముకూ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలో ప్రేక్షకుడే దాన్ని గ్రహించాడు.

1927లో ఎర్నెస్ట్ టోలర్ నాటకాన్ని ప్రదర్శించినప్పుడూ ఇదే పద్ధతి. విప్లవం విఫలమయ్యాక పిచ్చాసుపత్రిలో ఎనిమిదేళ్లు గడిపి బయటికి వచ్చినవాడి కథ అది. ఆ ఎనిమిదేళ్లలో ప్రపంచం ఎంత మారిందో ఫిల్ము కొద్ది నిమిషాల్లో చూపించింది. సంభాషణ చేయలేని పనిని యంత్రం చేసింది కనుక అక్కడ దాని ఉనికికి అర్థముంది. అయితే ఇందులోని వైరుధ్యాన్ని కూడా దాచకూడదు. ఆ యంత్రసామగ్రికి పెట్టుబడి ఒక పారిశ్రామికవేత్త నుంచి వచ్చింది. ఖర్చు తట్టుకోలేక 1928లోనే ఆ నాటకసంస్థ దివాలా తీసింది. కార్మికుల పక్షాన మాట్లాడే రంగస్థలం ధనికుడి డబ్బు మీద నిలబడవలసి వచ్చింది.

పిస్కాటర్ చూపించింది ముందే తీసిపెట్టిన ఫిల్ము. అప్పటికప్పుడు చూసే కెమెరా రంగస్థలం మీదికి వచ్చాక ప్రశ్న మరింత పదునెక్కింది. 1965లో బోస్టన్‌లో లుయిజీ నోనో రచించిన సంగీతనాటకం 'ఇంటోలెరాంజా'ను ప్రదర్శించారు. వలసకార్మికుడొకడు అరెస్టయి, చిత్రహింసలు అనుభవించే కథ. చెక్ రంగశిల్పి యోసెఫ్ స్వొబోడా టెలివిజన్ కెమెరాలను ప్రేక్షకుల వైపు తిప్పాడు. టిక్కెట్టు కొనుక్కొని వచ్చి కూర్చున్నవాళ్లు తమ ముఖాలను తామే తెరమీద చూసుకున్నారు. తర్వాత ఆ బొమ్మను నెగటివ్‌గా మార్చేసరికి తెల్లవాళ్లు నల్లవాళ్లుగా కనబడ్డారు. జాతివివక్షకు వ్యతిరేకంగా అమెరికా వీధుల్లో పోరాటం సాగుతున్న రోజులవి. చీకట్లో కూర్చుని చూస్తున్నామనుకున్నవాళ్లకు, తామూ కథలో ఉన్నామని ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

ఇక పరారుణ కాంతి సంగతి. నర్తకి కదలికను కెమెరా పట్టుకుని కంప్యూటరుకు అందిస్తే, దాన్నిబట్టి కంప్యూటర్ గీసిన బొమ్మను ప్రొజెక్టర్ ఆమె మీదే వేస్తుంది. ఇక్కడొక చిక్కుంది. మామూలు కెమెరా నర్తకితోపాటు ఆమె మీద పడిన బొమ్మను కూడా చూస్తుంది. ఆ బొమ్మ నుంచి మరో బొమ్మ పుడుతుంది. ఎదురెదురుగా రెండు అద్దాలు పెట్టినట్టు అంతా గందరగోళమవుతుంది. అందుకని మనిషి కంటికి ఆనని పరారుణ కాంతిని వేదిక మీద ప్రసరింపజేసి, కెమెరాకు ఆ కాంతి తప్ప మరేదీ చేరకుండా వడపోత బిగిస్తారు. అప్పుడు ప్రొజెక్టర్ వేసే బొమ్మ కెమెరాకు కనబడదు. శరీరం ఒక్కటే కనబడుతుంది. వేదిక చీకటిగా ఉన్నా సరే.

ఆస్ట్రేలియా నృత్యబృందం చంకీ మూవ్ 2006లో ప్రదర్శించిన 'గ్లో' ఈ పద్ధతికి మంచి ఉదాహరణ. నృత్యరచన గిడియన్ ఒబార్జనెక్‌ది, సాంకేతిక రచన ఫ్రీడర్ వైస్‌ది. ఒకే ఒక్క నర్తకి నేల మీద పొర్లుతుంటే వెలుగుగీతలు ఆమెను అంటిపెట్టుకుని కదులుతాయి. తర్వాత నల్లని నీడలు ఆమెను వెంటాడతాయి. అందాన్ని కాదనలేం. కానీ ఆ అందం దేని మీద నిలబడిందో గమనించాలి. ఆమెకు కనబడని కాంతిలో, పైనుంచి ఒక కన్ను ఆమె ప్రతి కదలికనూ లెక్కగడుతోంది. రాత్రివేళ వీధుల్లో మనమీద నిఘా వేసే కెమెరాల సూత్రమూ ఇదే. ఆ నీడల్లోని భయం వ్యక్తి అంతరంగపు భయంగానే మిగిలిపోయింది. ఆ భయానికి మూలమైన కన్ను మాత్రం ప్రశ్నకు నిలబడకుండా తప్పించుకుంది. స్వొబోడా బయటపెట్టినదాన్ని ఇక్కడ మాయ కప్పేసింది. శిల్పం సాధించిన చోట వస్తువు జారిపోయిందనక తప్పదు.

అదే 2006లో లండన్ నేషనల్ థియేటర్‌లో కేటీ మిచెల్ చేసిన 'వేవ్స్' దీనికి ఎదురుగా నిలుస్తుంది. వర్జీనియా వుల్ఫ్ నవల దానికి ఆధారం. తెరమీద ఒక స్త్రీ ముఖం దగ్గరగా కనబడుతుంది. తెరకింద ఒకరు కెమెరా పట్టుకుని, ఒకరు దీపం పట్టుకుని, మరొకరు అడుగుల చప్పుడు చేస్తూ కనబడతారు. వాళ్లంతా నటులే. బొమ్మనూ, ఆ బొమ్మ వెనకనున్న శ్రమనూ ప్రేక్షకుడు ఏకకాలంలో చూస్తాడు. కథ కలవారి మనోలోకానికే పరిమితమైనా, భ్రమను భ్రమగా చూపించే నిజాయితీ ఆ రూపానికుంది.

తెర మనకు కొత్త కాదు. తోలుబొమ్మలాట చూసే పిల్లవాడికి కూడా తెర వెనక దీపముందని, బొమ్మను ఆడించే మనిషి ఉన్నాడని తెలుసు. పిస్కాటర్‌కు ఆస్తిపరుడి డబ్బు కావలసి వచ్చింది. ఇవాళ కెమెరా చాలామంది జేబుల్లోనే ఉంది. కాబట్టి సామగ్రి లేదన్న సాకు బలహీనపడింది. లోపమున్నది రచనలో. నాటకం రాయడం పూర్తయ్యాక దర్శకుడు తగిలించే అలంకారంగా ఉన్నంతకాలం కెమెరా ఖరీదైన రంగుల పరదా మాత్రమే. రచయిత దాన్ని ఒక పాత్రగా ఊహించాలి. అది ఎవరి పక్షాన చూస్తున్నదో రాతప్రతిలోనే తేల్చాలి. కనబడని కాంతిని వాడే నాటకం, ఆ కాంతి ఉందని ప్రేక్షకుడికి చెప్పగలగాలి.