సముద్రమునకు కంచె: ఒక విమర్శ

నర్సీపట్నము సముద్రతీరమున లేదు. ఇది మన్యమునకు వాకిలి వంటి ఊరు. అయినను ఇచ్చటి సంతకు వచ్చు ఉప్పుచేపలు, కనగుర్తలు, వంజరములు పూడిమడక, బంగారమ్మపాలెము, రేవుపోలవరము వంటి రేవులలో జాలరులు పట్టితెచ్చిన చేపల వంటివే. కావున సముద్రమున చేపలు తగ్గిన మన పళ్ళెములోను తగ్గును. ఈ విషయమును గూర్చి మన పాఠశాలలలో వ్రాయించు వ్యాసములందును, సభలందును ఒక వాక్యము తరచుగా వినవచ్చుచున్నది: "సముద్రములో కొంత భాగమును సంరక్షిత ప్రాంతముగా ప్రకటించినచో చేపలు పెరుగును, యాత్రికులు వత్తురు, జాలరులు బాగుపడుదురు."

వినుటకు ఈ వాక్యము సొంపుగా నున్నది. కాని ఇందు మూడు వేర్వేరు ప్రతిజ్ఞలు కలవు. మొదటిది నిజమైనంత మాత్రమున మిగిలిన రెండును నిజము కానేరవు. ఒక్కొక్కదానిని విడివిడిగా పరిశీలింతము.

చేపలు పెరుగునా? దీనికి ఆధారము గట్టిదే. ఒక చేప పొడవు రెండింతలైనచో, ఆకారము మారనంతవరకు, దాని బరువు ఎనిమిది రెట్లగును. ఇది ఘనపరిమాణముల లెక్క. తొమ్మిదవ తరగతి విద్యార్థి వేయగలడు. గ్రుడ్ల సంఖ్యయు రమారమి ఆ పాళ్ళలోనే హెచ్చును. కొన్ని జాతులలో అంతకు మించును. కావున ముసలి తల్లిచేప నొకదానిని బ్రతుకనిచ్చుట పడుచుచేపలను పలు సంఖ్యలో విడిచిపెట్టుటతో సమానము.

ఫిలిప్పీన్సు దేశములోని సుమిలోన్ ద్వీపము ఇందుకు సాక్ష్యము. అచ్చట 1974లో సిలిమన్ విశ్వవిద్యాలయము వారి పూనికతో పగడపు దిబ్బలో కొంత భాగమున వేట మాన్పించిరి. 1984లో కాపలా సడలి, ఆ భాగమునందును వలలు పడెను. వేటాడు చోటు పెరిగినది కనుక రాబడి పెరుగవలెనని మనము తలంతుము. జరిగినది వేరు. చదరపు కిలోమీటరుకు ఏడాదికి రమారమి 37 టన్నులుగా నుండిన రాబడి రెండేండ్లలో 20 టన్నులకు దిగజారెను. మూసియుంచిన భాగమే చుట్టుపట్లకు చేపలను అందించుచుండెనని అప్పుడు తేలినది.

అయితే ఈ నియమము అన్ని చేపలకును వర్తింపదు. రాళ్ళలోను పగడములలోను కాపురముండు చేపలకు కంచె ఉపకరించును. కనగుర్తలు, కవళ్ళు, వంజరములు గుంపులుగా దూరము తిరుగు జాతులు. చిన్న సరిహద్దు వాటిని కాపాడలేదు. తాండవ జలాశయమున వదలిన చేపపిల్ల గట్టు దాటి పోలేదు. సముద్రమునకు గట్టు లేదు. తిరుగు చేపలకు చోటును మూయుటకంటె కాలమును మూయుట మేలు. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పు తీరమున మరపడవలకు 61 దినములు వేట నిషేధించుటలోని భావమిదే. ఆ రోజులలో పొయ్యి వెలుగుటకు జాలరి కుటుంబమునకు రాష్ట్ర ప్రభుత్వము ఇచ్చు సహాయమును 2025లో 20,000 రూపాయలకు పెంచిరి. సంరక్షణకు ఖర్చు కలదనియు, అది ముందుగా పడునది జాలరి మీదనే యనియు దీనివలన గ్రహింపవలెను.

యాత్రికులు వత్తురా? సుమిలోన్‌కు సమీపముననే ఆపో ద్వీపము కలదు. 1982లో ఆ ఊరివారే సమ్మతించి, 450 మీటర్ల తీరమును ఆనుకొనియున్న దిబ్బపై వేట మానిరి. చేపలు పెరిగినవి, వాటిని చూచుటకు నీట మునిగి ఈదువారు దేశదేశముల నుండి వచ్చిరి. ఇంతవరకు కథ మన వాక్యమునకు సరిపోయినది. కాని 1994లో ఆ ద్వీపము జాతీయ సంరక్షిత ప్రాంతమైనది. పెత్తనము ఊరి చేతినుండి ప్రభుత్వ మండలికి మారెను. యాత్రికుల రుసుము ఖజానాకు పోయి, వాటా ఆలస్యముగా తిరిగివచ్చుచున్నదని ఊరివారు వాపోయిరి. తరువాత 2011, 2012 సంవత్సరములలో వచ్చిన తుఫానులు ఆ దిబ్బను నుగ్గుచేసెను. తుఫానుల నెరిగిన మనకు ఇది ముఖ్యమైన పాఠము. యాత్రికుల మీదనే ఆధారపడిన జీవనము ఒక్క రాత్రిలో కూలవచ్చును. వల, పడవ విడిచిపెట్టి కేవలము యాత్రికులను నమ్ముకొమ్మని జాలరికి సలహా నిచ్చుట వివేకము కాదు. రుషికొండ, మంగమారిపేట తీరములలో ముచ్చట పడువారు ఎందరు వచ్చిరని కాక, ఆ డబ్బులో పడవవానికి, చేపలమ్ము స్త్రీకి ఎంత చేరినదని అడుగవలెను.

జాలరులు బాగుపడుదురా? ఇది కంచె ఎవరు వేసిరను దానిమీద ఆధారపడును. కాకినాడ చెంత కోరంగి అభయారణ్యమును 1978లో ప్రభుత్వము ప్రకటించెను. రొయ్య పిల్లలకు ఉయ్యాల వంటి ఆ మడ అడవులు నిలిచినవి, అది ఘనకార్యమే. కాని అది పైనుండి వచ్చిన ఆజ్ఞ. 1990ల చివర ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు అటవీశాఖతో కలసి, గోదావరి, కృష్ణా ముఖములలో గ్రామ సమితుల ద్వారా కాలువలు త్రవ్వించి మడమొక్కలు నాటించినపుడు జాలరి కుటుంబములు అందు భాగస్వాములైరి. రెంటికిని భేదము గమనింపుడు.

మన చట్టమునందు ఒక లోటు కూడ కలదు. వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2002లో చేసిన సవరణ 'సాముదాయిక రిజర్వు' అను పేర ప్రజలకు పాత్ర కల్పించినది. కాని అది ప్రైవేటు లేక సాముదాయిక భూమిని గూర్చి చెప్పినది. సముద్రమునకు పట్టా లేదు. కనుక తరతరములుగా వేటాడు నీటిపై ఊరి మాటకు ఆ నిబంధన బలము చేకూర్చుట లేదు. నియమమున్నను సమ్మతి లేనిచో ఏమగునో 2022 జనవరిలో విశాఖ చూచినది: రింగువలల విషయమై జాలరి గ్రామములే ఒకరితో ఒకరు తలపడి పడవలు తగులబెట్టుకొనిరి.

ఇంకొక హెచ్చరిక. 'సముదాయము' అనగానే అందరును సమానులని భావింపరాదు. పులికాట్ సరస్సులో కొన్ని జాలరి గ్రామములు 'పాడు' అను పద్ధతిన చీట్లు వేసి, ఎవరు ఏనాడు ఎచ్చట వల వేయవలెనో నిర్ణయించుకొనును. ఇది ఎంతయు తెలివిగల ఏర్పాటు. కాని ఆ చీటీలో పేరు లేని కులములవారు వెలిగానే నిలిచిరి. దానిపై తగవులును పుట్టినవి.

కనుక మన వాక్యమును ఇట్లు దిద్దవలెను: "కదలని చేపలున్న చోట, ఊరందరి సమ్మతితో, నష్టము భరించువారికే లాభము చేరునట్లు ఏర్పాటు చేసి సముద్రమున కొంత మూసినచో చేపలు పెరుగవచ్చును, జాలరులును నిలదొక్కుకొనవచ్చును." ఇది అంత సొంపైన వాక్యము కాదు. కాని నిజమునకు దగ్గర.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఒక ఆదివారము చేపల సంతకు పంపుదురు గాక. ఒకే జాతి చేపలను పదింటిని స్కేలుతో కొలిపించి వ్రాయింపుడు. మరుసటి ఏడు అదే నెలలో మరల కొలిపింపుడు. అమ్ము స్త్రీని, "మీ చిన్నతనమున ఇవి ఎంతేసి యుండెను?" అని అడిగింపుడు. పది కొలతలతో సముద్రము గుట్టంతయు బయటపడదు. కాని వినిన వాక్యమును కొలిచి చూచు అలవాటు పిల్లవానికి అక్కడనే మొదలగును.