ఫ్యాన్ ఆపండి, వీడియో తీద్దాం

మా పెళ్లి క్యాసెట్ మూడు గంటలది. ఏడేళ్ల కిందట దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. టేపు అంచుల వెంబడి తెల్లగా బూజు పట్టింది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో పాత క్యాసెట్లకు మామూలుగా పట్టే గతే అది. తెలిసినాయన చేత ఓపిగ్గా తుడిపించి, మొత్తానికి బొమ్మ రాబట్టుకున్నాం. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం.

విడిది గుమ్మంలో మా నాన్నగారు కనిపించారు. భుజం మీద కండువా సర్దుకుంటూ, మా మామగారితో ఏదో చెప్పి నవ్వుతున్నారు. పెదవులు కదులుతున్నాయి. వినిపిస్తున్నది మాత్రం సినిమా పాట.

ఆ రోజుల్లో పెళ్లి వీడియో అంటే అలాగే ఉండేది. స్టూడియోవాళ్లు మాటలన్నీ తీసేసి, స్నాతకం నుంచి అప్పగింతల దాకా పాటలు పరిచేవారు. అది మాకూ అప్పట్లో ముచ్చటగానే అనిపించింది. కానీ ఆ రాత్రికి నాన్నగారు పోయి ఎనిమిదేళ్లు. మూడు గంటల టేపులో ఆయన పదకొండు చోట్ల కనిపించారు, ఒక్క చోటా వినిపించలేదు. ఇల్లంతా వెతికినా ఆయన గొంతు ఎక్కడా దొరకలేదు.

నేను ఇంటి వీడియోలు తీయడం ఆ మర్నాడే మొదలైంది. నా ఉద్యోగానికీ కెమెరాకూ సంబంధం లేదు. ఉన్నది ఒక ఫోను, ఒక చిన్న స్టాండు, ఒక కాలర్ మైక్. నెలకు ఒక వీడియో, మూడు నిమిషాలకు మించకుండా. అలా ఇప్పటికి ఎనభై దాటాయి. ఈ ఏడేళ్లలో నేను గట్టిగా నమ్మిన సంగతి ఒకటుంది. పండగనాడు, పెళ్లినాడు తీసేది వేడుక. ఏ విశేషమూ లేని రోజున, ఎవరి పనిలో వాళ్లుండగా, మాటలతో సహా తీసేదే ఇల్లు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. సినిమా పుట్టిందే ఇంటి వీడియోతో కలిసి. 1895 డిసెంబర్ 28న ప్యారిస్‌లోని గ్రాండ్ కెఫేలో లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి పది చిన్న చిత్రాలు చూపించారు. వాటిలో ఒకటి పాపాయి భోజనం. అన్న అగుస్త్ తన కూతురికి చెంచాతో తినిపిస్తుంటాడు, పక్కన తల్లి కాఫీ సంగతి చూసుకుంటూ ఉంటుంది. తీసింది తమ్ముడు లూయి, అంటే ఆ పాప బాబాయి. నిడివి నిమిషం కూడా ఉండదు. వెనకాల చెట్ల ఆకులు గాలికి కదలడం చూసి అప్పటి జనం ముగ్ధులయ్యారని చెబుతారు. బాబాయి తీశాడు కాబట్టేనేమో, ఆ పాప బెదరలేదు. చేతిలో బిస్కెట్టును కెమెరా పక్కకు చాచి ఇవ్వబోయింది. ఎంత పేరున్న కెమెరామన్ వచ్చినా మనింట్లో పసిపిల్ల చేత ఆ బిస్కెట్టు ఇప్పించలేడు. అది ఇంట్లోవాళ్లకే దక్కుతుంది.

నాకు అలా దక్కిన రోజు గురించి చెబుతాను. మా పెరటి వెనక బూరుగు చెట్టుంది. ఎండలు ముదిరేసరికి కాయలు పగులుతాయి. అమ్మ ఏటా వాటిని ఏరించి దిండ్లు కుడుతుంది. నిరుడు వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ పనికి కూర్చుంది. తలుపులు వేసి, కిటికీ రెక్క ఒక్కటి ఓరగా ఉంచి, ఫ్యాన్ ఆపేసింది. ఫ్యాన్ తిరిగితే దూది ఇల్లంతా ఎగురుతుంది మరి.

నేల మీద పాత చీర పరుచుకుంది. కాయను రెండు అరచేతుల మధ్య నొక్కితే ఎండు డొప్ప ఫటేలుమని చిట్లింది. లోపల పట్టులా మెరిసే దూది, దూదిలో నల్లటి గింజలు. బొటనవేలితో ఒక్కో గింజా ఊడదీసి పక్కనున్న స్టీలు గిన్నెలో వేస్తోంది. పడ్డ ప్రతి గింజా టిక్కుమంటోంది. కిటికీలోంచి వాలిన ఎండలో దూది పోగులు పైకి లేచి, కాసేపు నిలిచి, మెల్లగా దిగుతున్నాయి. నేను ఎదురుగా పీట మీద కూర్చుని ఫోను తీశాను. “తల దువ్వుకోనివ్వరా” అంది. దువ్వుకుని వచ్చేదాకా ఆగాను.

మొదట చేతులు తీశాను. తర్వాత ముఖం, తర్వాత ఆ ఎండ. పావుగంట గడిచేసరికి నేనక్కడ ఉన్నానన్న సంగతి మర్చిపోయింది. గింజలు ఏరుతూ ఏరుతూ తనంతట తనే అందుకుంది.

“మీ నాన్నగారికి బూరుగు దిండు తప్ప పడేది కాదురా. ఏ ఊరెళ్లినా సంచిలో పెట్టుకునే వెళ్లేవారు. నీ పెళ్లికి విడిదిలో కూడా ఆయన దిండు ఆయనదే. గుమ్మంలో మీ మామగారు చూసి, ‘ఇదేవిటండీ బావగారూ, మేం దిండ్లు వేయించలేదనుకున్నారా’ అన్నారు. ‘పిల్లాణ్ణి మీకిచ్చేస్తున్నాం గానీ దిండు మాత్రం ఇవ్వనండీ’ అన్నారు ఈయన. ఇద్దరూ ఒకటే నవ్వు.”

ఫోను పట్టుకున్న నా చెయ్యి వణికింది. ఇప్పటికీ చూస్తే ఆ చోట బొమ్మ కొద్దిగా అదురుతుంది. దాన్ని అలాగే ఉంచాను.

ఆ మధ్యాహ్నం నాకు రెండు విషయాలు నేర్పింది. ఒకటి, ఎదుట కూర్చోబెట్టి “నాన్న గురించి చెప్పమ్మా” అని అడిగితే ఎవరూ నాలుగు ముక్కలకు మించి చెప్పలేరు. చేతులు పనిలో పడితే నోరు దానంతటదే విచ్చుకుంటుంది. అందుకే ఇప్పుడు ఎవర్ని తీయాలన్నా ముందు వాళ్ల చేతికి ఒక పని దొరికే వేళ చూసుకుంటాను. చిక్కుళ్ల ఈనెలు తీయడం, చీర మడత పెట్టడం, సైకిల్ తుడవడం, ఏదైనా సరే.

రెండోది శబ్దం. మన ఇళ్లలో వీడియోలు పాడయ్యేది ఎక్కువగా ఫ్యాను వల్లనే. మన చెవి ఫ్యాను మోతను పక్కకు నెట్టి మాట వింటుంది. మైకుకు ఆ విచక్షణ లేదు, రెండూ ఒక్కలాగే పట్టుకుంటుంది. తర్వాత ఆ మోతను మాట నుంచి పూర్తిగా విడదీయడం కష్టం. కాబట్టి ఫ్యాన్ ఆపాలి, టీవీ ఆపాలి, వీలైతే ఆ గదిలో ఫ్రిజ్ కూడా కాసేపు ఆపాలి. కాలర్ మైక్ లేకపోతే ఇంకో ఫోన్లో రికార్డింగ్ పెట్టి మాట్లాడేవాళ్ల దగ్గరగా ఉంచండి. రెండూ నడుస్తుండగా ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగులో బొమ్మలోని చప్పట్లనీ, ఆ రికార్డింగులోని చప్పుడునీ కలిపితే మిగతాదంతా అతుక్కుంటుంది. సినిమావాళ్ల క్లాప్ బోర్డు చేసే పని అదే. చివర్లో ఎవరూ మాట్లాడకుండా ఒక్క నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోండి. మాటకూ మాటకూ మధ్య అతుకు పడ్డచోట అది పూతలా పనికొస్తుంది.

ఇక బొమ్మ. కిటికీని మనిషి వెనక్కి కాకుండా మనిషి ముందుకి, లేదా పక్కకి తెచ్చుకుంటే సగం పని అయినట్టే. రాత్రిపూట ట్యూబులైటు కింద తీస్తే తెర మీద నల్లటి పట్టీలు పాకడం చాలామంది చూసే ఉంటారు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. ఫోను సెకనుకు 30 ఫ్రేములు తీస్తే రెండు లెక్కలూ పొసగవు. సెట్టింగుల్లో 25 ఫ్రేములకు మార్చుకునే వీలుంటే ఆ బెడద చాలావరకు పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఏది తీసినా కదలకుండా మనసులో పది లెక్కపెట్టడం. మొదట్లో నా వీడియోల్లో కెమెరా దేనిమీదా నిలిచేది కాదు. పది లెక్కపెట్టడం అలవాటయ్యాక, ఆరో అంకె దగ్గరో ఏడో అంకె దగ్గరో మనిషి అసలు ముఖం బయటికి రావడం గమనించాను.

మూడు నిమిషాలే ఎందుకని అడుగుతారు. 1965లో కొడాక్ కంపెనీ ఇళ్లలో సినిమాలు తీసుకునేందుకు సూపర్ 8 ఫిల్ము తెచ్చింది. ఒక్కో కాట్రిడ్జిలో 50 అడుగుల ఫిల్ము, సెకనుకు 18 ఫ్రేముల లెక్కన సుమారు మూడు నిమిషాల ఇరవై సెకన్లు. 1973 దాకా అందులో శబ్దం కూడా లేదు. అంత కొద్దిపాటి ఫిల్ము చేతిలో ఉంటే మీట నొక్కేముందు మనిషి ఆలోచించి తీరాలి. మన ఫోన్లకు ఆ హద్దు లేదు కాబట్టే వేల వీడియోలు పేరుకుపోతున్నాయి, తిరిగి చూసేవాళ్లు లేరు. ఆ హద్దును నేను నాకు నేనే గీసుకున్నాను. గంట తీసినా మూడు నిమిషాలే మిగలాలి. ఏది ఉంచాలో తేల్చుకోవడంలోనే ఈ విద్య అంతా ఉంది. బూరుగు దూది వీడియో చూసిన డాలస్‌లోని మా చెల్లెలు, గింజ టిక్కుమన్న చోటు మళ్లీ మళ్లీ వింటున్నానని చెప్పింది.

పిల్లలున్న ఇంట్లో ఈ అలవాటు ఇంకా బాగా పండుతుంది. లడ్డూల పళ్లెం ముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఫోన్ని కదలకుండా బిగించి, కాస్త తీసి ఆపి, ఒక లడ్డూ తీసేసి మళ్లీ తీయండి. కలిపి చూస్తే లడ్డూలు వాటంతటవే మాయమవుతాయి. 1957లో ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరొచ్చే ఘట్టాన్ని మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణంలో చూసి మన తాతలు మురిసిపోయారు. ఆ మాయ వెనక ఎంత ఓపికుందో ఒక్క పళ్లెం లడ్డూలతో పిల్లలకు అర్థమవుతుంది. సినిమా తీయాలని పూనుకున్న ఫాల్కే కూడా ఇలాగే 1912లో బొంబాయిలో ఒక బఠాణీ గింజ మొలకెత్తి మొక్క కావడాన్ని నెలకు పైగా కొంచెం కొంచెంగా తీసి, నిమిషం పాటి చిత్రం చేశారు. దాన్ని చూపించే డబ్బు కూడగట్టుకున్నారు. మరుసటి ఏడాది ఆయన సినిమా ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చింది. ఆయన భార్య సరస్వతీబాయి నగలు తాకట్టు పెట్టడానికి ఒప్పుకోవడమే కాదు, ఇంట్లో కూర్చుని ముడి ఫిల్ముకు అంచు రంధ్రాలు పొడిచేవారు. మన దేశపు సినిమా కూడా ఇంట్లోనే మొలకెత్తింది. మా పిల్లలు కొబ్బరి చిప్పలో బొబ్బర్లు నాటి అదే పని చేశారు. గింజ తోలు విడిచి తలెత్తిన క్షణం తెర మీద చూసి వాళ్లు వేసిన కేక ఆ వీడియో చివర్లో ఉంది.

పనిలో ఉన్న మనిషిని తీస్తే ఏం నిలుస్తుందో చెప్పే సాక్ష్యం మన తెలుగు నేల మీదే ఉంది. గుంటూరు జిల్లాలో నూరేళ్లు దాటిన మస్తానమ్మ గారు పొలంలో కట్టెల పొయ్యి మీద వండుతుంటే, ముని మనవడు వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టాడు. లక్షలమంది చూశారు. ఆమె 2018 డిసెంబరులో కన్నుమూశారు. వేళ్లతో అల్లం పొట్టు గీకే తీరు, బోసినోటి నవ్వు, ఆ గొంతు నిలిచిపోయాయి. మనవాళ్లను లక్షలమంది చూడనక్కర్లేదు. నేను తీసినవి మా కుటుంబం దాటి బయట పెట్టను, తీసేముందు అడుగుతాను, వద్దంటే చెరిపేస్తాను. అయితే నిలుపుకోవడంలో మాత్రం పట్టుదల ఉండాలి. ఒక ప్రతి ఫోన్లో, ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న తోబుట్టువు దగ్గర. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఫైలు పేరులో తేదీ, ఊరు, మనుషుల పేర్లు రాయండి. ఇరవై ఏళ్ల తర్వాత చూసేవాళ్లకు అవే ఆధారం.

బూరుగు దూది వీడియోను కత్తిరించిన రాత్రి నాకొక ఆలోచన వచ్చింది. అమ్మ మాట ఆపకుండా బొమ్మ ఒక్కటే మార్చాను. పెళ్లి క్యాసెట్లోంచి విడిది గుమ్మం ముక్క తీసి, దాని మీది సినిమా పాట తుడిచేసి, అమ్మ గొంతు పరిచాను. నాన్నగారు కండువా సర్దుకుంటారు. మామగారి వైపు తిరుగుతారు. “దిండు మాత్రం ఇవ్వనండీ” అని అమ్మ చెబుతుంది. ఆయన నవ్వుతారు. ఆయన అక్కడ అన్నది సరిగ్గా ఆ మాటేనని ఎవరం రుజువు చెయ్యలేం. అమ్మ మాత్రం చూసి, కొంగు కళ్లకద్దుకుని, “అదే, అప్పుడే అన్నారు” అంది. మా ఇంటికి ఆ సాక్ష్యం చాలు.

మీకు చెప్పేది ఒక్కటే. ఈ ఆదివారం మధ్యాహ్నం అమ్మ చేతికో నాన్న చేతికో ఏదో ఒక పని దొరికినప్పుడు, అడిగి, ఎదురుగా కూర్చోండి. ఫ్యాన్ ఆపండి. పది లెక్కపెట్టండి. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మీరు మాట్లాడకండి.