సిద్ధార్థుడి పేరుంది, మా పేరేదీ?

జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన ఆయక స్తంభాల మీద రాజు వీరపురుషదత్తుడి పేరుంది. ఆయన 20వ ఏట ఆ 5 స్తంభాలూ ఇచ్చిన పనివాడు సిద్ధార్థుడి పేరూ ఉంది. తండ్రి పేరుతో, ఊరి పేరుతో సహా. 1700 ఏళ్ల కిందటి మాట.

1951లో హైదరాబాదులో తెరిచిన మ్యూజియానికి మాత్రం సాలార్‌జంగ్ పేరు. అక్కడి బిదరీ పాత్రల్లో వెండితీగ పొదిగిన చేతులు ఆ పేరు వెనక మరుగునపడ్డాయి. చూసొచ్చినవాళ్లు మాతో 'మీ నవాబుల వైభవం' అంటారు. ఎవరి నవాబులు? నందిగామలో, పేటలో మేం దూదేకినవాళ్లం, గిన్నెలకు కళాయి పూసినవాళ్లం. నవాబు గొప్ప మా నెత్తిన పెట్టి మా పేదరికాన్ని దాచేస్తే ఊరుకోం. దూదేకే విల్లునీ అద్దాల బీరువాలో పెట్టండి. దాని కింద ఏకినవాడి పేరు రాయండి.